ఇంటిపిల్లియు వచ్చినపిల్లియు

ఒక యింట చిరకాలముగా నొక పిల్లి యున్నది. ఆ యింటివారు దయాళువులు. వానలో తడిసి, వీథికుక్కల నోట పడనున్న యొక పిల్లికూనను జూచి జాలిపడి యింటికి దెచ్చిరి. నడుమగదిలో దానిని దింపి, పాతపిల్లిని బిలిచి, "ఇదిగో, నీకొక చెల్లెలు వచ్చినది" అనిరి. పాతపిల్లి వీపు విల్లువలె వంచి, తోక యుబ్బించి, బుస్సుమని పంజా విసరెను. "ఓసి దుర్మార్గురాలా, ఇంత తిండి తిని నీకీ యసూయ యేల?" యని యింటివారు చీపురు చూపి దానిని తఱిమిరి. ఇట్టి వృత్తాంతములు మదనపల్లెలోను పుంగనూరులోను మే మనేకములు చూచియున్నాము. చూచినప్పుడెల్ల మాకు దోచు ప్రశ్న యొక్కటియే. ఈ వ్యవహారమున ధర్మము దప్పినది పిల్లియా, ఇంటివారా?

మనుష్యుల తగవులన్నియు తీఱినవా, పిల్లుల తగవు విచారించుచున్నారని నవ్వువారు కొంద ఱుందురు. తీఱలేదు. అయినను ఈ చిన్న విషయమును దీసికొనుటకు హేతువు కలదు. తోడి మనుష్యునియెడ మనము చూపు న్యాయములో భయము, లాభము, లోకాపవాదము కొంతకొంత కలిసియుండును. అన్యాయము పొందినవాడు పంచాయతీకి బోవచ్చును, పత్రికకు వ్రాయవచ్చును, కనీసము వీథియరుగుపై గూర్చుండి మనలను దూషింపవచ్చును. పిల్లి యివేవియు జేయజాలదు. పిల్లిశాపములకు ఉట్లు తెగవను సామెత పిల్లి దుర్బలమని చెప్పినదే గాని దాని మొఱ యసత్యమని చెప్పలేదు. మొఱపెట్టుకొనలేని ప్రాణియెడ మనము నడచుకొను తీరులోనే మన న్యాయబుద్ధి నికరముగా నెంతయో తేలును.

పిల్లికి ఇల్లనగా నేమో ముందు తెలిసికొనవలయును. మనయింటి పిల్లులకు మూలము ఆఫ్రికా, పశ్చిమాసియా ప్రాంతముల అడవిపిల్లి. అది గుంపుగా వేటాడునది కాదు. ఒంటరిగా వేటాడి తన వేటనేలను తానే కాచుకొనునట్టిది. మనుష్యులు ధాన్యము నిలువచేయ నారంభించినప్పుడు ఎలుకలు చేరినవి. ఎలుకలకొఱకు పిల్లి చేరినది. సైప్రసు ద్వీపములో సుమారు 9,500 సంవత్సరముల నాటి యొక సమాధిలో మనుష్యుని చెంతనే పిల్లిని గూడ పూడ్చియుండుట కనుగొన్నట్లు 2004లో పండితులు ప్రకటించిరి. ఆ యొడంబడిక మన ప్రాంతమున నేటికిని చెల్లుచున్నది. వేరుసెనగకాయలు నిలువయుంచు కొట్టములోను, పట్టుపురుగులను బెంచు సాలలోను ఎలుక ప్రవేశించెనేని రైతు పడిన పాటు మట్టిపాలగును. కావుననే మల్బరీతోటలున్నవారి యింట పిల్లికి బోయు పాలు దానము కాదు, జీతము.

అట్టి పిల్లికి ఇల్లనగా గోడలును గప్పును గావు, వాసన. బుగ్గలయందును గడ్డమునందును గల గ్రంథులను ద్వారబంధములకు, మంచపుకోళ్లకు, మన కాళ్లకు గూడ రాచి, ఇది తానెఱిగిన చోటని ప్రతిదినమును గుఱుతు వేసికొనుచుండును. మనము ప్రేమయని మురిసిపోవు నా రాపిడిలో ప్రేమయు గొంత గలదు. సరిహద్దుఱాయి పాతుటయు గొంత గలదు. ఎఱుగని పిల్లి వచ్చి నడుమగదిలో నిలుచుటతో ఆ గుఱుతులన్నియు నొక్కసారి తాఱుమాఱగును. అప్పుడు బుస్సుమనుట దుర్గుణము కాదు. అది పిల్లిభాషలో "ఎవరు నీవు? దూరముగ నుండుము" అను వాక్యము. పోరాటము రాకుండుటకే పలుకబడు వాక్యము. 1895లో మదనపల్లెలో జన్మించిన జిడ్డు కృష్ణమూర్తి, దేనినైనను మెచ్చుకొనకయు ఖండింపకయు ఉన్నదున్నట్లు చూడుమని జీవితాంతమును బోధించెను. ఆ పాఠమును మనుష్యులపై బ్రయోగించుట కష్టమనువారు ముందుగా పిల్లి బుసపై బ్రయోగించి చూడవచ్చును.

యాజ్ఞవల్క్యస్మృతి వ్యవహారమునందు లిఖితము, భుక్తి, సాక్షులు అని ప్రమాణములు చెప్పినది. పిల్లికి దస్తావేజు లేదు. సాక్షియందుమా, ఎలుకకు పిల్లి సాక్షి యనిరిగాని పిల్లికి సాక్షిగా ఎలుక యెన్నడును రాలేదు. ఇక మిగిలినది భుక్తి, అనగా అనుభవము. ఎనిమిదేండ్లు ఒకే కిటికీలో నెండ కాచుకొన్న పిల్లికి ఆ కిటికీపై నేమాత్రమును స్వత్వము లేదందుమా? న్యాయస్థానమునందు లేకపోవచ్చును. గృహస్థుని మనస్సునందు ఉండవలయును.

హితోపదేశములో జరద్గవమను ముసలిగ్రద్ద కథ యున్నది. చెట్టుపై పక్షులు తమ యాహారములో గొంచెము గొంచెము దానికిచ్చి పోషించుచుండ, అది వాని పిల్లలకు కావలి యుండెను. దీర్ఘకర్ణమను పిల్లి తపస్వివేషము మాటలతో దానిని నమ్మించి చెట్టుతొఱ్ఱలో చోటు సంపాదించెను. పిల్లలను దినదినమును భక్షించి పారిపోయెను. తొఱ్ఱలోని యెముకలు చూచి పక్షులు గ్రద్దనే చంపెను. కులశీలములు తెలియనివానికి ఆశ్రయ మీయరాదని ఈ కథకు మనము పాఠశాలలలో జెప్పుచుండు తాత్పర్యము. మా కా తాత్పర్యము చాలదు. గ్రద్ద చేసిన తప్పు అతిథికి చోటిచ్చుట కాదు. ఇతరుల పిల్లల క్షేమమును పణముగా బెట్టి చోటిచ్చుట. అతిథిసత్కార కీర్తి గ్రద్దది, నష్టము పిల్లలది. అత్తసొమ్ము అల్లుడు దానముచేసినట్లని మన యాడువారు దీనినే రెండుముక్కలలో జెప్పుదురు.

అట్లయిన వచ్చినపిల్లికి చోటే లేదా? మా మతము అది కాదు. నెమ్మది యొకటి, ప్రాణ మొకటి. పాతదాని నెమ్మదికంటె క్రొత్తదాని ప్రాణము పెద్దది. కావున పాతపిల్లికి "వలదు" అని త్రోసివేయు నధికారము మే మీయము. కాని "నీ దయవలన నాకు గలుగు నష్టమును నీవే పూరింపుము" అని యడుగు నధికారము దానికి నిండుగా గలదు.

ఈ భేదము కుప్పమువారికి పుస్తకములవలన గాక అనుభవమువలన దెలియును. 1980వ దశకమున పొరుగు రాష్ట్రముల అడవులనుండి ఏనుగులు ఆ ప్రాంతమునకు వచ్చినవి. 1990లో కౌండిన్య అభయారణ్య మేర్పడినది. ఏనుగునకు చోటు కావలయుననుట న్యాయమే. కాని ఏనుగు త్రొక్కిన చేను కుప్పము, పలమనేరు రైతులది. "గణపతిస్వరూపము, ఓర్చుకొనుము" అని చెప్పువాడు దూరమున మేడలో నున్నవాడు. కందకము, కంచె, కాపలా, పంటకు పరిహారము, ఇవి దయకు అడ్డములు కావు. దయకు చెల్లింపవలసిన వెల. ఆ వెల చెల్లింపనివాని జాలి వాగ్రూపమైనదే.

గృహములందు ఈ వెలను ఎగవేయుటకు ఒక్క మాట కలదు: "సర్దుకొనును లెండు". ఈ మాట యెవరిని గూర్చి యనబడుచున్నదో చదువరులు గమనింతురుగాక. యజమానిని గూర్చి యెన్నడును అనబడదు. పదునాఱేండ్ల బాలికను పెండ్లిచేసి యెఱుగని యింటికి బంపి, అత్త, మామ, ఆడుబిడ్డ, వంట, మంచము, నిద్రవేళ సమస్తమును ఒక్కదినమున మార్చి, "సర్దుకొనును లెండు" అనిన దేశము మనది. ఆమె కన్నీరు పెట్టిన గయ్యాళి యనిరి; మౌనముగ నున్న సర్దుకొన్నదనిరి. ఆమెకు ముందే యున్న కోడలి గదిని, ఆమె నడుగకయే పంచిపెట్టినదియు నిట్టి యిండ్లలోనే. మనుష్యులను పిల్లులతో బోల్చుట మా యుద్దేశము కాదు. అధికారము గలవాడు తన నిర్ణయపు భారమును అధికారము లేనివారిపై దింపి, వారి మౌనమునకు సామరస్యమని పేరుపెట్టుట ఒక యలవాటు. అది వంటింటిలో నేర్చినదే వసారాలోను వచ్చును.

వెల చెల్లించుట యెట్లు? ఇచ్చట కొంచెము విస్తరించి చెప్పవలసియున్నది. ఏలయన దయ చాలమందికి గలదు, ఓపిక కొందఱికే గలదు.

వచ్చినపిల్లిని తిన్నగా పశువైద్యునియొద్దకు గొనిపోవలయును. పిల్లులకు వచ్చు పాన్‌ల్యూకోపీనియా యను అంటువ్యాధి సూక్ష్మజీవి గదులలోను గుడ్డలలోను నెలలకొలది బ్రతికియుండునంత మొండిది. కావున పాతపిల్లికి టీకాలు వేయించియుండవలయును. క్రొత్తదానిని రెండువారములైన వేఱు గదిలో నుంచవలయును. ఆ గది యెవరిది? ఇదియే పరీక్ష. పాతపిల్లి పండుకొను గదిని ఖాళీచేయించుట సులభము, అది వ్యాజ్యము వేయదు. యజమాని తాను చదువుకొను గదిని విడిచి, పుస్తకములు వసారాకు దెచ్చుకొనెనేని అది దయ. పాతపిల్లి చాప, కిటికీ, అన్నపువేళ, అలవాటుపడిన యొడి, వీనిలో నొక్కటియు మాఱరాదు.

మూసిన తలుపునకు ఆవలనొకటి, ఈవలనొకటి యుండగనే పరిచయ మారంభమగును. మెత్తని పాతగుడ్డతో నొకదాని బుగ్గలు తుడిచి, ఆ గుడ్డను రెండవదాని చెంత, దాని గిన్నెకు దూరముగా వేయవలయును. పరిమళము ముందు, దర్శనము వెనుక. గుడ్డను వాసనచూచి నిర్లక్ష్యముగ తొలగిపోయిన శుభము. బుస్సుమనిన మఱి నాలుగుదినములు తాళవలయును. పిమ్మట తలుపునకు ఇరువైపుల రెంటికి నన్నము పెట్టుచు, గిన్నెలను దినమునకు జేనెడు చొప్పున తలుపుచెంతకు జరుపవలయును. ఆవలివాసన వచ్చినప్పుడెల్ల రుచిగల చేపముక్కయు వచ్చుననుట పిల్లి మనస్సునకు దృఢమైన తరువాత, దోమతెర తలుపుగుండ చూపు కలుపవచ్చును. తుదకు ఒకే గదిలో కొన్నినిమిషములు మాత్రము కూడనిచ్చి, తగవు పుట్టకముందే సభ ముగింపవలయును. ఎక్కి తప్పించుకొనుటకు బల్లయో అటకయో యుండవలయును. నీటిగిన్నెలు వేఱు, ఇసుకతొట్లు పిల్లికొకటి గాక పైనొకటి, అవియు వేఱువేఱు చోట్ల. పట్టుకొన్నచో చేతులడ్డము పెట్టరాదు, కఱపించుకొందురు. చేట యొకటి నడుమ బెట్టిన చాలును. కోపపడి కొట్టుట మాత్రము సర్వథా నిషిద్ధము. క్రొత్తపిల్లి కనబడినప్పుడెల్ల దెబ్బ తగిలెనేని, ఆ దెబ్బకు మూలము క్రొత్తపిల్లియే యని పాతపిల్లి నిర్ణయించుకొనును. తర్కశాస్త్రము చదివినవారికంటె దాని యనుమానము తీసిపోదు.

ఎన్నిదినములు పట్టునని యడుగుదురు. కూన యైన కొన్ని వారములు. యీడుమించిన పిల్లులైన నెలలు. రెంటికిని శస్త్రచికిత్స చేయించిన, అందును గండుపిల్లులకు, కలహములు తగ్గును. ఈ నడుమ పాతపిల్లి యన్నము మానినను, మూలల దాగినను, ఇసుకతొట్టి విడిచి పక్కలపై మూత్రము విడిచినను అది పగసాధించుట కాదు, వ్యథ. మగపిల్లి మాటిమాటికి కూర్చుండి మూత్రము రాక మూల్గెనేని తెల్లవాఱువఱకు నిలువరాదు, ప్రాణాపాయము.

పాతపిల్లికి తోడు గావలయునని మఱియొకదానిని దెచ్చువారును గలరు. వీరి దయ మఱింత విచారణీయము. ఒంటరితనము మనకు బాధ గనుక పిల్లికిని బాధ యని వీరు తీర్మానింతురు. తిండి పుష్కలముగ నున్నచోట తల్లులును కూతుండ్రును గుంపుగట్టి యొకరి పిల్లల నొకరు సాకుట పిల్లులలో గలదు, నిజమే; అది రక్తబంధము. ఎఱుగని పిల్లి రాకను ప్రతిపిల్లియు గోరుననుటకు ఆధారము లేదు. పదునాఱవ శతాబ్దపు ఫ్రెంచి వ్యాసకర్త మోంటేన్, తాను పిల్లితో నాడుకొనుచున్నాడో పిల్లియే తనతో ప్రొద్దుపుచ్చుచున్నదో యని సందేహించెను. ఆ సందేహములో సగమైన నున్నచో, ముసలిదో రోగిష్ఠిదో యైన పిల్లిమీదికి తుంటరి కూనను దోలి "నీకు తోడు" అనుటకు వెనుదీయుదుము. అట్టియెడ కూనకు వేఱొక యిల్లు వెదకిపెట్టుటయే రెంటికిని మేలు. ఇక క్రొత్తదాని ముద్దులలో పాతదానిని మఱచువారిని గూర్చి చెప్పనక్కఱలేదు. క్రొత్త యొక వింత, పాత యొక రోత. పాలెక్కువ యిచ్చు సంకరజాతులు రాగా, పొట్టిదైన పుంగనూరు ఆవు సొంత నేలపైననే కఱవై, పలమనేరు పశుపరిశోధనస్థానమున కాపాడవలసినంత పనియైనది.

పొత్తు కుదరనిచో క్రొత్తపిల్లిని గోనెసంచిలో గట్టి రాత్రివేళ సంతబయట విడిచివచ్చువా రున్నారు. 1960వ సంవత్సరపు జంతుహింసా నివారణచట్టము 3వ విభాగమున, తన సంరక్షణలోని జంతువు క్షేమమునకు దగిన యేర్పాట్లు చేయుట సంరక్షకుని విధి యని యున్నది; ఆకలిదప్పులకు గుఱియగునట్లు నిష్కారణముగ విడిచిపెట్టుట 11వ విభాగమున నేరము. ఈ చట్టమునకై రాజ్యసభలో బాటుపడిన రుక్మిణీదేవి అరుండేల్, 1962లో నేర్పడిన జంతుసంక్షేమ మండలికి ప్రథమాధ్యక్షురాలు. చట్టము పాతదనియు క్రొత్తదనియు భేద మెంచలేదు. గడప లోపల నున్న రెండును సంరక్షణలోనివే.

పుంగనూరున పట్టుపురుగులు పెంచు మా మిత్రు డొకడు కుప్పము రైలుస్టేషనులో దొరకిన కూనను ఇంటికి దెచ్చి నేటికి రెండేండ్లు. అయిదు మాసములు అతడు వసారాలో బండుకొనెను. పిల్లులు రెండును ఒకదాని మెడ నొకటి నాకుకొను స్నేహితులగునని అతని భార్య యాశపడినది, అట్లు కాలేదు. ముసలిది పురుగులసాలను, చిన్నది వంటింటిని పంచుకొన్నవి. చంద్రికలకు గూళ్లు కట్టు దినములలో ముసలిది చిన్నదానిని సాల గడప దాటనీయదు, చిన్నదియు దాటదు. సాయంకాలము రెండు గిన్నెలు మూడు బారల యెడముగా బెట్టిన, తలలెత్తి యొకసారి చూచుకొని తినుచున్నవి.