స్వామి ఊళ్లకు ఎందుకు బయల్దేరతాడు?

 

మనలో చాలామంది అహోబిలం వెళ్లొచ్చినవాళ్లే. శుక్రవారం రాత్రి హైదరాబాద్‌లోనో బెంగళూరులోనో కారెక్కడం, శనివారం ఎగువ అహోబిలం, ఓపికుంటే జ్వాలా నరసింహుడి దాకా నడక, ఆదివారానికి ఇల్లు. మంచిదే. దారిలో ఆళ్లగడ్డ దాటాక కనబడిన పల్లెల గురించి అడిగితే మాత్రం "అబ్బ, ఎంత ప్రశాంతంగా ఉందో" అంటాం. అక్కడితో సరి.

ఆ పల్లెల్లో ఉండేవాళ్లకు ప్రతిదీ దూరమే. 2022 ఏప్రిల్ 4న నంద్యాల జిల్లా అయింది కాబట్టి సరిపోయింది, అంతకుముందు ఆళ్లగడ్డ రైతు కలెక్టరుకు అర్జీ ఇవ్వాలంటే 100 కిలోమీటర్లు దాటి కర్నూలు పోవాలి. ఇప్పుడు సుమారు 40. నంద్యాలకు 2023లో ప్రభుత్వ మెడికల్ కాలేజీ కూడా వచ్చింది. సంతోషం. కానీ రుద్రవరం వైపు, నల్లమల అంచు పల్లెలో అర్ధరాత్రి నొప్పులొచ్చిన ఆడబిడ్డకు ముందు ఆళ్లగడ్డ చేరడమే పెద్ద ప్రయాణం.

చదువూ అంతే. మన అపార్ట్‌మెంట్ పిల్లకు కోచింగ్ రెండు వీధుల అవతల. అంతే తెలివున్న పల్లె పిల్లకు పొద్దున్నే బస్సు దొరకాలి. "సాయంత్రం చీకటి పడుతుంది, వద్దులే తల్లీ" అని చదువు మాన్పించే ఇళ్లు ఇంకా ఉన్నాయి. దీన్ని పూర్వజన్మ కర్మ అనేస్తారు కొందరు. నేను ఒప్పుకోను. ఊరికి బస్సు వేయకపోవడం ఎవరి పూర్వజన్మ కర్మండీ?

ఇప్పుడు స్వామి ఏం చేస్తాడో చూడండి. ఏటా కనుమ నాడు పారువేట మొదలవుతుంది. జ్వాలా నరసింహుడు, ప్రహ్లాద వరదుడు పల్లకీ ఎక్కి అహోబిలం వదిలేస్తారు. 40 రోజులకు పైగా, 30కి పైగా ఊళ్లు. బోయీల భుజాల మీద, పొలాల గట్ల వెంట. ఎందుకట? ఫాల్గుణంలో బ్రహ్మోత్సవాలు, తన కల్యాణం. పెళ్లికి రమ్మని ఇంటింటి వాళ్లనీ స్వయంగా పిలవడానికి. చెంచులకైతే ఆయన దేవుడి కంటే ముందు అల్లుడు, చెంచులక్ష్మిని చేసుకున్నవాడు కదా! కొండ ఎక్కలేని ముసలవ్వ ఊరి పందిట్లోనే స్వామిని చూసుకుంటుంది.

మన వైష్ణవ ఆచార్యులు దీనికి సౌలభ్యం అని పేరు పెట్టారు. అంటే సులువుగా అందడం. ఇందులో గమనించాల్సింది ఒకటుంది. పైనున్నవాడే దిగి వస్తాడు, కిందున్నవాణ్ని ఎక్కి రమ్మనడు.

మరి మనం? ఊళ్లో చిన్నాన్న కొడుకు ఫోన్ చేసి "అన్నా, ఈఏపీసెట్ కౌన్సెలింగ్‌లో ఏ కాలేజీ పెట్టాలి?" అంటే, "గూగుల్ చెయ్‌రా" అంటామా, గంట కూర్చుని చెబుతామా? పెద్దమ్మను వైద్యానికి హైదరాబాద్ తీసుకొస్తే, ఆసుపత్రి లొకేషన్ పంపి ఊరుకుంటామా, ఓపీ లైన్లో పక్కన నిలబడతామా? అహోబిలంలో మనం పెట్టే దండం స్వామికి చేరాలంటే ఇవి కూడా చూసుకోవాలి. నాకు తెలిసినంతలో నరసింహుడు ఈ విషయంలో కొంచెం కోపిష్ఠే!

ఈ సంక్రాంతికి ఊరెళ్తే కనుమ సాయంత్రమే తిరుగు బస్సు ఎక్కేయకండి. మీది ఆ చుట్టుపక్కల ఊరైతే, పల్లకీ ఏ రోజు వస్తుందో పెద్దవాళ్లనడిగి ఆ రోజుకు సెలవు పెట్టండి. స్వామి వచ్చేలోపు బడి దాకా నడిచి వెళ్లి, పదో తరగతి తర్వాత ఏం చదవాలనుకుంటున్నారో ఆ పిల్లల్నే అడగండి.