ఇరుగుపొరుగుల నెన్నుకొనలేని ప్రాణి

ఒక ప్రాణి తన స్వభావముచేత మఱియొక ప్రాణిని బాధించినప్పుడు దోషము ఆ స్వభావమునదా, లేక ఆ రెండింటిని ఒకచోట నిలిపినవానిదా? మనుష్యుల విషయమున నీ ప్రశ్న నడిగినచో సంస్కారమనియు, కర్మఫలమనియు, శిక్షయనియు సమాధానములు వరుసగా వచ్చి నిలుచును. చేపల విషయమున నడిగినచో నవి యన్నియు జారిపోయి ప్రశ్న యొక్కటియే మిగులును. చేపకు సంస్కారము గఱపువారు లేరు, శిక్షవలన బుద్ధి వచ్చునను నమ్మకము లేదు. అందుచేతనే ఫైటర్ చేప యని అంగళ్ళలో పిలువబడు నొక చిన్న ప్రాణిని, దానికి తగిన పొరుగును వెదకు పనిని, ధర్మవిచారమునకు విషయముగా నిచట గైకొనుచున్నాను.

నెల్లూరునకు తూర్పున, ఇందుకూరుపేట మండలమున, బంగాళాఖాతపు టొడ్డున నున్న మైపాడులో చేప యనగా వలయు, పడవయు, బేరమును స్ఫురించునే గాని గాజుతొట్టె స్ఫురింపదు. అయినను అట్టి యూర నొక యింట బల్లమీద నడుగు పొడవు తొట్టె యుంచి, అందొక ఫైటర్ చేపను పెంచువాని స్థితి విచిత్రమైనది. ఇంటిముందఱ పారావారమే యున్నను అందలి నీరు చెంబెడైనను ఆ చేపకు పనికిరాదు. అది మంచినీటి ప్రాణి. తీరమున బోరునీరు ఉప్పుదేలినచో అదియు దానికి హితము గాదు. అనగా చేపకు కావలసిన లోకమునంతను మనుష్యుడే తెచ్చి పోయవలెను. దాని జలము, వెచ్చదనము, ఆహారము, చివరకు దాని పొరుగు, అన్నియు వాని సంకల్పముననే యున్నవి.

ఈ చేప సయాము, అనగా నేటి థాయిలాండు, దేశపుది. 1910లో చార్లెస్ టేట్ రీగన్ అను ఆంగ్ల శాస్త్రజ్ఞుడు దీనికి బెట్టా స్ప్లెండెన్స్ అని నామకరణము చేసెను. 2019లో థాయిలాండు ప్రభుత్వము దీనిని తమ జాతీయ జలచరముగా ప్రకటించెను. వరిమళ్ళు, నెమ్మదిగా పాఱు కాలువలు, గడ్డి మొలచిన మడుగులు దీని జన్మస్థానములు. పెన్నానది డెల్టాలో పొలముల నడుమ పెరిగినవారికి అట్టి నీటిని వర్ణించి చెప్ప నక్కఱలేదు. మన కొర్రమీనువలె, గొరకవలె నిదియు నీటిపైకి వచ్చి గాలిని గ్రోలును. మగచేప నీటిపై నురుగుతో గూడు గట్టి, జారిపడిన గ్రుడ్డును నోట గఱచి మరల గూటిలో జేర్చి, పిల్లలు స్వయముగా నీదువఱకు కావలి కాయును. ఇంతటి వాత్సల్యముగల యా తండ్రియే గ్రుడ్లు పెట్టిన యాడుచేపను తఱిమికొట్టును. మఱియొక మగచేప కంటబడినచో మొప్పలు విప్పి, రెక్కలు చాచి పోరునకు దిగును. అద్దమున తన ప్రతిబింబమును జూచినను శత్రువనియే తలచును. వాత్సల్యమును వైరమును ఒకే వేరునుండి పుట్టినవి. తన గూడున్న తావు తనదని కాచుటయే యా వేరు. దానిని క్రూరమనుటకు ముందు ఈ సంగతి తలపోయవలెను.

పొలమునందలి మడుగున రెండు మగచేపలు తారసిల్లినప్పుడు జరుగునది వేఱు, తొట్టెలో జరుగునది వేఱు. మడుగున నోడినది గడ్డిదుబ్బుల చాటున తప్పించుకొనిపోవును. గెలిచినది దానిని వెంబడించి చంపవలసిన పనిలేదు, తన తావు తనకు దక్కినది గదా. తొట్టెలో నోడినదానికి పోవుటకు చోటు లేదు. అది యెదుటనే యుండుటచేత గెలిచినదానికి యుద్ధము ముగియలేదు; ముగియని యుద్ధము హత్యగా పరిణమించును. ప్రకృతి యిచ్చిన కలహస్వభావమునకు పలాయనమను విరుగుడును ప్రకృతియే యిచ్చినది. మనుష్యుడు గాజుగోడ కట్టి ఆ విరుగుడును తొలగించి, మిగిలిన కలహమును జూచి చేపను నిందించును.

పెద్దచేప చిన్నచేపను మ్రింగు స్థితిని మన ప్రాచీనులు మత్స్యన్యాయమనిరి. దండమును ధరించు రాజు లేనిచోట ఆ న్యాయమే చెల్లునని కౌటిల్యుడు అర్థశాస్త్రమున వివరించెను. చేపలలోకమును మనుష్యలోకమునకు హెచ్చరికగా జూపిన శాస్త్రమది. గాజుతొట్టె విషయమున ఆ యుపమానము తిరుగబడి వాచ్యార్థమే యగుచున్నది. ఇచ్చట నిజముగానే చేపలున్నవి, వానిపై నిజముగానే యొక రాజున్నాడు. ఆ రాజు తొట్టె కొన్నవాడు. సముద్రమున నొక చేప యింకొకదానిని మ్రింగుటకు మైపాడులో నెవ్వడును బాధ్యుడు గాడు. తన తొట్టెలో జరిగినదానికి మాత్రము ఆ యింటివాడు బాధ్యుడు.

ఇక నా రాజధర్మ మెట్టిదో వివరముగా జూతము. ఇరువది లీటర్ల తొట్టెయైనచో ఫైటర్ చేప యొంటిగా నుండుటయే శ్రేయము. తోడు తప్పదనుకొన్నచో నొక నెరైట్ నత్త చాలును. గాజుపై పట్టిన నాచును మేయు నా నత్త గ్రుడ్లు పెట్టినను, వాని పిల్లలు బ్రదుకుటకు ఉప్పు గలసిన నీరు కావలెను గనుక మంచినీటి తొట్టెలో సంతతి పెరిగి క్రిక్కిరియదు. నలువది లీటర్లును అంతకు మించియు నున్నచో అడుగున దిరుగు చిన్నజాతి కోరిడోరాసులనో, నడుమ నీటిలో గుంపుగా సంచరించు ఎంబర్ టెట్రాలనో, హార్లెక్విన్ రాస్బోరాలనో జేర్పవచ్చును. అవియు నొంటిగా గాక అయిదాఱు కూడియుండవలెను. వెడల్పైన రంగుతోక గల మగ గప్పీని ఫైటర్ తన ప్రత్యర్థియని భ్రమపడును. టైగర్ బార్బ్ తానే వెళ్ళి ఫైటర్ యొక్క పొడవు రెక్కలను కొఱుకును. గౌరామి దానికి దగ్గఱి బంధువు, కావుననే తగదు. ఇక రెండవ మగ ఫైటర్ మాట తలపెట్టనేరాదు. నీటిమొక్కలు దట్టముగా నాటి, చాటులు కల్పించి, ఇతరమైన చేపలను ముందు విడిచి, ఫైటరును కడపట విడువవలెను. ముందే వచ్చినచో తొట్టె యెల్ల తన రాజ్యమని యది నిశ్చయించుకొనును. ఇంత చేసినను ఒక ఫైటర్ సహించినదానిని వేఱొక ఫైటర్ సహింపకపోవచ్చును గనుక, విడదీయుటకు రెండవ పాత్రను సిద్ధముగా నుంచుకొనవలెను.

ఈ నియమములలో నొక తత్త్వ మిమిడియున్నది. సాజాత్యము ఎల్లచోట్ల సఖ్యమునకు హేతువు గాదు. పెక్కుచోట్ల అదియే వైరమునకు మూలము. ఒకే యాహారమును, ఒకే తావును, ఒకే యాడుదానిని గోరువారే పోరాడుదురు. మైపాడు చుట్టుపట్ల రొయ్యలగుంటలు గలవారికి నిది క్రొత్తమాట గాదు. పైపెంకు విడిచి మెత్తబడిన రొయ్యను తోడిరొయ్యలే తినును. పండుగప్ప పిల్లలలో పెద్దవి చిన్నవానిని మ్రింగును గనుక, వానిని పరిమాణమునుబట్టి యేరి వేఱువేఱుగా పెంచుదురు. ఇందుకు భిన్నముగా మంచినీటి చెరువులలో బొచ్చె పైనీటను, శీలావతి నడుమను, ఎఱ్ఱమోసు అడుగునను మేయుటచేత మూడును నొకే చెరువున సుఖముగా పెరుగుచున్నవి. మనుష్యులును దీని నెఱుగుదురు. పులికాటు సరస్సు దక్షిణతీరమున, తమిళనాట, ఒకే వృత్తిగల జాలరులు పాడు అను కట్టుబాటుచేత చీట్లు వేసికొని, వలలు నాటు తావులను వంతులవారీగా పంచుకొనుచున్నారు. శాంతి యనునది స్వభావములను మార్చుటవలన గాక తావులను ఏర్పరుచుటవలన సిద్ధించునని యీ యుదాహరణము లన్నియు జెప్పుచున్నవి.

సర్వప్రాణులయందు నొకే యాత్మ గలదని నమ్మువాడు ఇట్టి భేదముల నెట్లు పాటించునని యొక యాక్షేపణము గలుగవచ్చును. సమదర్శనము వేఱు, సమవర్తనము వేఱని పెద్దలు చెప్పిన మాటయే దీనికి సమాధానము. ఏనుగునందును కుక్కయందును ఒకే వస్తువును జూచు జ్ఞాని, ఆ రెండింటిని ఒకే కొట్టమున గట్టివేయడు. పరమార్థమున నభేదమును దర్శించినవానికే వ్యవహారమున భేదమును గౌరవించు సహనము గలుగును. దర్శనము లేనివాడు అన్నింటిని తనవలె జేయగోరి వానిని బాధించును.

రెండవ యాక్షేపణ మింతకంటె మృదువైనది, కావున నింతకంటె ప్రమాదకరమైనది: చేప యొంటిగా నున్నది, పాపము, దానికి తోడు వలదా యని. ఇచ్చట భాగవత నవమస్కంధమునందలి సౌభరి కథ తలపునకు వచ్చును. యమునాజలమున మునిగి తపస్సు చేయుచున్న యా ముని చేపల దాంపత్యమును జూచి, సంసారమునం దాస పుట్టి, మాంధాతృ చక్రవర్తి కడకేగి యాతని యేబండ్రు కూతుండ్రను వివాహమాడెను. చేపలు తమ స్వభావమున దాము చరించినవి. తన కోరికను వానియందు జూచినవాడు ముని. తొట్టెముందు గూర్చుండి జాలిపడు మనమును ప్రాయికముగా నదియే చేయుచున్నాము. ముని చేపల సుఖమును తనకు గోరెను, మనము మన యొంటరితనమును చేపకు అంటగట్టుచున్నాము. ఫైటరునకు ఏకాంతము దుఃఖము గాదు. గుంపుజాతియైన కోరిడోరాసునకు మాత్రమది దుఃఖమే. తోడులేని కోరిడోరాస్ బెదరి మూల నొదుగును. కరుణ యనగా నెదుటిదానికి ఏది దుఃఖమో తెలిసికొను శ్రమ. ఆ శ్రమ లేని జాలి స్వార్థమున కొక మాఱుపేరు.

శతపథబ్రాహ్మణమున మనువు చేతికి చిక్కిన చేపపిల్ల కథ గలదు. చిన్నవారమై యున్నంతకాలము మాకు వినాశము తప్పదు, చేపయే చేపను మ్రింగును గనుక నన్ను గాపాడుమని యది వేడుకొనెను. మొదట కుండలో నుంచి, అది చాలనప్పుడు గోయి త్రవ్వి, అదియు చాలనప్పుడు సముద్రమున విడువుమని తోవ జెప్పెను. ప్రళయమున నోడను నడిపిన చేప యని యీ కథను మనము చెప్పుకొందుము గాని, ప్రళయమునకు ముందు జరిగిన యీ చిన్నపని యంత తలంపునకు రాదు. మత్స్యన్యాయమును మాన్పుటకు మనువు ఇతరమైన చేపలకు నీతి బోధింపలేదు, తన చేపను పెరుగవద్దని శాసింపలేదు. పాత్ర చాలనప్పుడెల్ల పాత్రను మార్చెను. మన తొట్టెలలోనే గాక మన యిండ్లలోను, ఊళ్ళలోను కలహము పుట్టినప్పుడు ఎవరి స్వభావము చెడ్డదని విచారించుటకు ముందు, వారికి మన మిచ్చిన చోటు చాలునా యని విచారించుట ధర్మము. చాలదని తేలిన పిమ్మట పాత్రను మార్చు శక్తి లేనివాడు, ఆ రెండవ ప్రాణిని తేకుండుటయే యహింస.