లప్పము క్రింది త్రుప్పు

నోట నొక్క యబద్ధపు మాటయైన పలుకక మనుష్యుడు మోసము చేయగలడా? ఈ ప్రశ్న మాకు ధర్మగ్రంథములు చదువునపుడు గాక, ఒక పాత మోటారుబండి పొట్టక్రింద నెదురైనది. కావున నా బండి సంగతియే ముందు చెప్పెదము.

మా తండ్రిగారు వాడిన అంబాసిడరు కారొకటి మా యింట నుండెడిది. బెంగాలులోని ఉత్తరపాడాలో 2014 వఱకు తయారైన యా జాతి బండ్లను చదువరులలో పెక్కుమంది యెఱుగుదురు. మేము విశాఖపట్టణమున సముద్రమునకు దగ్గఱగా నుండువారము. ఉప్పుగాలియు వానకాలపు తడియు కలిసినచోట ఇనుము నిలుచుట కష్టము. మొదట వెనుక తలుపు క్రింద రంగు చిన్న పొక్కులుగా లేచినది. ఇనుము త్రుప్పుగా మాఱునపుడు తానున్న చోటికంటె మిక్కిలి యెక్కువ చోటు కోరును. అందుచే పైనున్న రంగును ఎత్తివైచును. పొక్కు కనబడిన దన్న లోపలి పని చాలవఱకు ముగిసిన దన్నమాట. గోటితో గీకి చూచితిమి. రంగుతో కూడ రేకును ఊడివచ్చినది.

టింకరింగు పని చేయు మేస్త్రీగారి యొద్దకు తీసికొనిపోయితిమి. ఆయన క్రిందికి దూఱి, నాలుగుచోట్ల సుత్తితో తట్టి, బయటికి వచ్చి యొక్కటే ప్రశ్న వేసిరి: “బండి ఉంచుకుంటారాండీ, అమ్మేస్తారా?”

ఉంచుకొనుట కైనచో నొక పని, అమ్ముట కైనచో మఱియొక పని. మొదటిది కష్టమైనది. త్రుప్పుపట్టిన భాగమును మంచి యినుము కనబడువఱకు కోసివేయవలెను. పైకి పిడికెడు కనబడిన త్రుప్పు కోయగా కోయగా మూరెడగును. అట్టముక్కతో కొలత తీసి, క్రొత్త రేకు కత్తిరించి, సుత్తితో వంపు తీర్చి అతుకవలెను. ఆ రేకు మందము మిల్లీమీటరున కటు నిటు; ఒక్కచోటనే మంట నిలిపినచో వేడికి వంకరపోవును. కావున ఇచ్చట నొక చుక్క, అచ్చట నొక చుక్క వెల్డింగు పెట్టుచు, చల్లాఱనిచ్చుచు, ఓపికతో చుట్టు తిరిగి రావలెను. పిమ్మట అతుకులు అరగదీసి, రెడాక్సైడు పూసి, మిగిలిన చిన్న గుంతలను పలుచని లప్పముతో సరిచేసి, వాటరుపేపరుతో రుద్ది రంగు వేయుదురు. తలుపుల క్రింది దూలములలో చేరిన నీరు పోవుటకై యుండు చిన్న రంధ్రములలోని బురద తీయుటయు ఈ పనిలోనిదే. అది మఱచినచో క్రొత్త రేకునకును పాత రేకు గతియే పట్టును.

రెండవ పని సులభము. త్రుప్పును పైపైన గీకి, రంధ్రములో పాతగుడ్డయో జాలిముక్కయో క్రుక్కి, దళసరిగా లప్పము మెత్తి రంగు కొట్టుదురు. చూపునకు రెండింటికిని భేదము లేదు. లప్పము క్రింద త్రుప్పు మాత్రము తన పని తాను చేసికొనుచునే యుండును.

ఆ సంవత్సరము మాకు సొమ్ము కావలసియుండెను. అమ్మెదమని చెప్పితిమి. అంతకంటె నేమియు చెప్పలేదు. లప్పము పెట్టుమని నోరార ననలేదు. మేస్త్రీగారును మఱల నడుగలేదు. ఇట్టి పనులలో సగము మౌనముగానే జరుగును. నెల తిరుగకముందే యొక బడిపంతులుగారు వచ్చి బండి కొనిరి. ఇంజను చప్పుడు వినిరి, బ్రేకులు చూచిరి, రంగు బాగున్నదనిరి. త్రుప్పు సంగతి యడుగలేదు. మేమును చెప్పలేదు.

అడుగనిది చెప్పకపోవుట దోషమా యని తరువాత పలుమాఱు తర్కించుకొంటిమి. మన దేశపు 1872 నాటి కాంట్రాక్టు చట్టము 17వ సెక్షనులో ఈ సంగతిని గుఱ్ఱపు టుదాహరణముతో విచారించినది. వేలములో లోపముగల గుఱ్ఱము నమ్మువాడు ఆ లోపమును చెప్పక యూరకుండిన నది మోసము గాదట. కాని కొనునది యాతని కుమార్తెయై, అప్పుడే మేజరైనదైనచో, చెప్పుట యాతని విధియట. ఈ రెండును ప్రక్కప్రక్కన చదివినపుడు మాకు కొంత యూరటయు కొంత సిగ్గును కలిగినవి. గుఱ్ఱ మదియే, దాని లోపమదియే, క్రింద బడిన విఱుగు నెముక యట్టిదే. కూతురికి చెప్పవలసినది పంతులుగారికేల చెప్ప బనిలేదు? సంతలో బేరములు సాగుటకై చట్టము గీచిన గీత యది. తనవారి కొక తూనిక, పైవారి కొక తూనిక కూడదని సభలలో నుపన్యసించు మేమే, రేకుపని దగ్గఱకు వచ్చునప్పటికి ఆ రెండు తూనికలను బయటికి తీసితిమి.

ఆ యూరటయైనను నిలువలేదు. తెలిసిన సంగతిని పనిగట్టుకొని కప్పిపుచ్చుటను అదే సెక్షను మోసముగా లెక్కించుచున్నది. త్రుప్పును త్రుప్పుగానే విడిచి, చూచుకొనుట కొనువారి కన్నులకు వదలినచో నది మౌనము. లప్పము మౌనము గాదు. అది రేకువలె నటించి, చూచువానితో ఇచ్చట నినుము గలదని చెప్పును. మేము పలుకలేదు, లప్పము పలికినది, పలికించినవారము మేము.

ఇల్లమ్మువాడు సున్నము కొట్టింపడా యని యొక మిత్రుడు మమ్ము నోదార్చెను. సున్నము తప్పుగాదు, లప్పమును తప్పుగాదు. మంచి రేకుమీది గుంతను పూడ్చునపుడది యలంకారము. క్రింద రేకే లేనిచోట అబద్ధము. గుడ్డచుట్టిన అయస్కాంతపు ముక్క నానించి చూచినచో ఈ భేదము తెలియును. ఇనుమున్నచోట నది యంటును, లప్పము దళసరిగా నున్నచోట జాఱును. (పంతులుగారు అయస్కాంతము తేలేదని ఆనాడు లోలోపల సంతోషించితిమని కూడ నొప్పుకొనవలసియున్నది.) మఱియు నిది యందమునకు మాత్రమే సంబంధించినది కాదు. అంబాసిడరునకు లారీకివలె వేఱు చట్రము లేదు. నేల, తలుపుల క్రింది దూలములు, పైకప్పు కలిసియే దాని బలము. ఆ దూలము త్రుప్పుపట్టుట ఇంటి దూలమునకు చెదపట్టుట వంటిదే.

రెండవ వానకాలము గడచిన పిమ్మట వేఱొక పనిమీద నా షాపునకు పోయితిమి. బండి నిలిచియుండగా వెనుక సీటు ముందు నేల విఱిగి, పంతులుగారి చిన్న కుమార్తె పాదము చీలమండవఱకు దిగబడినదని మేస్త్రీగారు చెప్పిరి. చర్మము గీచుకొనిపోయినదే కాని వేఱు హాని లేదట. బండి మరమ్మతునకు ఆ షాపునకే వచ్చినది. మునుపు లప్పము పెట్టిన చేయి తనదని ఆయన పంతులుగారితో ననలేదు. “మీ పేరు కూడా చెప్పలేదండీ” అని మాతో ననిరి. మాకు మేలు చేసితినని ఆయన తలంపు.

ఆ మాట మమ్ము కుదురుగా నుండనీయలేదు. రేకుపని కెంతయైనదో కనుగొని, ఆ సొమ్ము తీసికొని మఱునాడు పంతులుగారి యింటికి పోయి, తెలిసియే యమ్మితిమని చెప్పితిమి. ఆయన చాలసేపు మాటలాడలేదు. పిల్ల గడపలో నిలుచుండి మమ్ము చూచుచుండెను. పిమ్మట సొమ్ము లెక్కపెట్టి పుచ్చుకొని, “ఇంకెక్కడైనా ఉందా?” అని యడిగిరి. కుడివైపు ముందుచక్రము మీద కూడ లప్పమే యని చెప్పితిమి. ఆయన తల యూపిరి. కూర్చుండుమని మాత్రము అనలేదు.