బలహీనతకు ఎంత క్షమ?

ఈమధ్య వరసగా నాలుగు పాత తెలుగు నవలలు చదివాను. ఒక క్రమం అనుకుని ఎంచుకున్నవి కావు. అన్నీ పూర్తయ్యాక చూస్తే, నాలుగింటిలోనూ నన్ను పట్టి ఉంచిన ప్రశ్న ఒక్కటే: మనిషి బలహీనతను ఎంతవరకు క్షమించవచ్చు?

గోపీచంద్ ‘అసమర్థుని జీవయాత్ర’లో సీతారామారావు వంశప్రతిష్ఠ నిలబెట్టాలని ఉన్న ఆస్తినంతా కరగబెడతాడు. అతని పతనం ఆస్తి పోవడంలో లేదు. తన ఓటమి బాధ్యతను లోకం మీదికి నెట్టగల తర్కం అతనికుంది. ఆ తర్కమే చివరికి అతణ్ణి మింగేస్తుంది. తెలుగులో తొలి మనోవైజ్ఞానిక నవలగా దీన్ని చెబుతారు. నాకు మాత్రం ఇది తెలివైనవాళ్లకు చేసిన హెచ్చరిక అనిపించింది. ఆచరణలోకి దిగని ఆలోచన మనిషిని ఎలా తొలిచేస్తుందో ఇంత నిర్దయగా చెప్పిన నవల మరొకటి నేను చదవలేదు.

రావిశాస్త్రి ‘అల్పజీవి’లో సుబ్బయ్య గుమస్తా. అతనికి అందరన్నా భయమే. బావమరిది అవసరం కోసం కాంట్రాక్టరు గవరయ్య దగ్గర డబ్బు తీసుకుని, తీర్చే దారి తోచక నలిగిపోతాడు. చైతన్య స్రవంతి పద్ధతిలో రాయడం వల్ల సుబ్బయ్యను దూరంగా నిలబడి చూసే వీలు మనకుండదు. అతని గుండెదడ మనకూ అంటుకుంటుంది. సీతారామారావు మీద వచ్చినంత కోపం సుబ్బయ్య మీద నాకు రాలేదు. సుబ్బయ్య తన పిరికితనాన్ని సిద్ధాంతంగా మార్చుకోడు. భయపడతాడు, అంతే. ఆ తేడా చిన్నది కాదు.

డాక్టర్ పి. శ్రీదేవి ‘కాలాతీత వ్యక్తులు’ 1957లో ‘తెలుగు స్వతంత్ర’లో ధారావాహికగా వచ్చింది. అందులో ప్రకాశం వైద్యవిద్యార్థి. మంచివాడే, కానీ తేల్చుకోవలసిన ఘడియ వస్తే నిలబడలేడు. అతని ఎదుట ఇందిర ఉంది. ఉద్యోగం చేసి ఇల్లు నడుపుతుంది, కావలసింది కావాలని అడుగుతుంది. ఆమెలో స్వార్థం ఉంది, కటువుదనం ఉంది. అయినా తన బతుకు బరువును ఇంకొకరి నెత్తిన పెట్టదు. ఆమెను మెచ్చుకోమని రచయిత్రి ఎక్కడా బతిమాలదు. అందుకే ఇందిర ఇప్పటికీ సజీవంగా ఉంది. 1961లో, చిన్న వయసులోనే శ్రీదేవి వెళ్లిపోవడం తెలుగు నవలకు తీరని నష్టం.

చివరగా చదివింది కేశవరెడ్డి ‘అతడు అడవిని జయించాడు’. తప్పిపోయిన పందిని వెతుక్కుంటూ ఒక ముసలివాడు అడవిలోకి వెళ్తాడు. తోడు లేదు, వయసు లేదు. భయం లేనివాడేమీ కాదు, కానీ ఆ భయంతోనే ముందుకు నడుస్తాడు. ఈ పుస్తకం మూశాక మిగతా మూడూ నాకు ఇంకా బాగా అర్థమయ్యాయి.

భయపడటం బలహీనత కాదు, ఓడిపోవడమూ కాదు. నా బతుక్కి నేను జవాబుదారీ కాదనుకోవడమే బలహీనత. సుబ్బయ్యను నేను క్షమించగలను. ప్రకాశాన్ని జాలితో వదిలేయగలను. సీతారామారావును మాత్రం క్షమించలేను, ఎందుకంటే అతని వాదనలు మనందరి నోటా రోజూ వినబడేవే.

నాలుగూ చదివే తీరిక లేనివాళ్లు ముందుగా ‘కాలాతీత వ్యక్తులు’ చదవండి. ఇందిరతో వాదించండి, విభేదించండి. కానీ ఆమె మీద తీర్పు చెప్పే ముందు, ఆమె స్థానంలో మీరైతే ఏం చేసేవారో నిజాయితీగా ఆలోచించండి.