తిరుత్తణి చుట్టుపట్ల ఊరిపేర్లు: స్థలపురాణం ఏ అర్థంలో నిజం?

తిరుత్తణి, తిరువళ్లూరు ప్రాంతంలో ఊరిపేర్లకు రెండు రకాల వివరణలున్నాయి. ఒకటి స్థలపురాణం చెప్పేది. రెండోది చెట్టును, వృత్తిని, పాలకుణ్ణి బట్టి వచ్చేది. వీటిలో మొదటిది ఏ అర్థంలో నిజమన్నది శబ్దప్రమాణానికి, అంటే మాట ఎలా ప్రమాణమవుతుందన్న దానికి, సంబంధించిన పాత ప్రశ్నే.

నామపదాలన్నీ ధాతువుల నుంచే పుట్టాయని శాకటాయనుడు, అన్నీ అలా పుట్టలేదని గార్గ్యుడు వాదించినట్టు యాస్కుని నిరుక్తం చెబుతుంది. శబ్దానికీ అర్థానికీ ఉన్న సంబంధం నిత్యమని మీమాంసకుల మాట. అది సంకేతమేనని నైయాయికుల మాట. పతంజలి మహాభాష్యంలో జాతి, గుణ, క్రియా శబ్దాలతోపాటు యదృచ్ఛా శబ్దాలనూ చేర్చాడు. పెట్టేవారి ఇష్టాన్ని బట్టి పుట్టే పేర్లు అవి.

ఈ ప్రాంతంలో యదృచ్ఛా శబ్దాలకు కొదవ లేదు. నాగలాపురం శ్రీకృష్ణదేవరాయల తల్లి నాగలాంబ పేరు మీద వెలిసింది. రామకృష్ణరాజుపేటలో రాజు పేరు అలాగే నిలిచి ఉంది. చెట్టును, వృత్తిని బట్టి వచ్చిన పేర్లూ ఉన్నాయి. మగ్గాల ఊరు అత్తిమంజేరిపేటలో మొదట వినిపించే ‘అత్తి’ తమిళంలోనూ తెలుగులోనూ మేడిచెట్టు పేరు. చివరి ‘పేట’ అంగడి, చేతివృత్తి ఉన్న చోటికి చెప్పే మాట. తిరువాలంగాడు అంటే మర్రిచెట్ల అడవి.

తిరుత్తణి సంగతి వేరు. తమిళంలో ‘తణి’ అంటే చల్లారడం, శాంతించడం. తెలుగు తనివి, తనియుట దానికి దగ్గరి చుట్టాలు. శూరపద్ముడనే అసురుణ్ణి వధించిన మురుగన్ కోపం ఈ కొండ మీదే చల్లారిందని స్థలపురాణం. ఈ కథను పేరు చుట్టూ అల్లిన కల్పన అని కొట్టిపారేయడం తేలిక. కానీ స్కందషష్ఠికి ఇతర మురుగన్ ఆలయాల్లో ఆ యుద్ధాన్ని ఆడే శూరసంహారం జరుపుతుంటే, తిరుత్తణిలో జరపరు. స్వామికి పుష్పాంజలి చేస్తారు. కోపం తీరినచోట యుద్ధం ఆడకూడదన్నది అక్కడి భావన. పేరు చెప్పే అర్థం ఇక్కడ ఆచారాన్నే మార్చింది. భక్తుడు మెట్లెక్కేది కూడా శాంతించిన దేవుణ్ణి చూడటానికే.

తిరువళ్లూరులోనూ ఇదే తీరు. వృద్ధుడి రూపంలో శాలిహోత్ర మహర్షి ఆశ్రమానికి వచ్చిన స్వామి, పడుకోవడానికి చోటేదని అడిగాడని, ఆ ‘ఎవ్వుళ్’ (ఏ చోటు) అన్న మాట నుంచే ఊరి పాత పేరు తిరుఎవ్వుళ్ అయిందని కథ. గర్భాలయంలో వీరరాఘవస్వామి శయనించే ఉంటాడు. కుడిచేయి మహర్షి తల మీద ఉంటుంది. ఆంధ్ర సరిహద్దులోని సురుటుపల్లిలో హాలాహలం మింగిన శివుడు పార్వతి ఒడిలో తల పెట్టి పడుకుని కనిపిస్తాడు. అక్కడి స్వామి పళ్లికొండేశ్వరుడు. ఊరి పేరులో తెలుగువారికి పల్లె అనిపించే ‘పల్లి’ తమిళుడికి ‘పళ్లి’, అంటే పడకను గుర్తుచేస్తుంది. రెండు భాషలవారికీ రెండు దారులు చూపే పేరు అది.

ఇలాంటి కథలను తూచడానికి మీమాంస ఇచ్చిన అర్థవాద విభాగం పనికొస్తుంది. విధిని ప్రశంసించి మనిషిని కర్మకు పురికొల్పే వాక్యం అర్థవాదం. ఇతర ప్రమాణాలతో విరోధిస్తే అది గుణవాదం, తెలిసినదాన్నే చెబితే అనువాదం, ఆ రెండూ కాకపోతే భూతార్థవాదం. మీమాంసకులు దీన్ని వేదవాక్యాలకు చెప్పారు. స్థలపురాణాలకూ ఇది చక్కగా సరిపోతుంది. మర్రిచెట్ల అడవి అనువాదం లాంటిది. తిరుత్తణి కథ ఆ పేరు ఏ ఏట పుట్టిందో చెప్పదు, చెప్పాలని ఉద్దేశించనూ లేదు. ఆ కొండ ముందు ఏ మనసుతో నిలబడాలో చెబుతుంది. దాని ప్రామాణ్యం అక్కడే ఉంది.

1960 ఏప్రిల్ 1న తిరుత్తణి చిత్తూరు జిల్లా నుంచి మద్రాసు రాష్ట్రంలోకి వెళ్లింది. సురుటుపల్లి ఆంధ్రలోనే ఉండిపోయింది. ఇలా సరిహద్దుకు రెండు వైపులా మిగిలిన ఈ ఊళ్ల పేర్లు సేకరించేవారు స్థలపురాణాన్ని చరిత్రగా రాయకూడదు, చరిత్ర కాదని వదిలేయనూ కూడదు. ఏ పేరు వెంట ఏ పూజ నడుస్తోందో, ఏ పండుగ ఆగిపోయిందో కూడా పక్కనే రాసిపెట్టాలి.