తూకమును కొసరును

అంగడి కేవలము వస్తువులు చేతులు మారు చోటని తలచుట పొరపాటు. ఇంటి గడప దాటిన మనుష్యుడు తన బంధువు కానివానితో, తన కులమువాడు కానివానితో ప్రతిదినమును నడపు వ్యవహారము అంగడిలోనే మొదలగుచున్నది. ఒక యూరివారి నీతిని తెలిసికొనగోరువాడు ఆ యూరి గుళ్ళను, సభలను చూచుటకు ముందు అచ్చటి త్రాసులను చూడవలెను. అంగళ్ళు మారినప్పుడు నీతియు మారునా? మారినచో మేలునకా, కీడునకా? మేము నివసించు తార్నాకలో ఇరువదియేండ్లుగా కన్న మార్పును ఆధారము చేసికొని ఈ ప్రశ్నను చదువరుల యెదుట పెట్టుచున్నాము.

తార్నాక సికింద్రాబాదునుండి ఉప్పలునకు పోవు మార్గముమీది కూడలి. దాని కొకప్రక్క ఉస్మానియా విశ్వవిద్యాలయపు ఆవరణము. 1918లో స్థాపితమైన ఆ విద్యాపీఠమునకు 1939లో ఆర్ట్సు కళాశాల మహాసౌధము సమకూడెను. తరువాతి కాలమున ఆ పరిసరములలో పరిశోధనశాలలు వెలసెను. నేడు జాతీయ పోషకాహార సంస్థ యనబడునది 1958లో కూనూరునుండి ఇచ్చటికి తరలివచ్చెను. జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ 1961లో ఏర్పడెను. ఉపన్యాసకులును, రైలు ఉద్యోగులును, ప్రయోగశాలల గుమాస్తాలును ఇండ్లు కట్టుకొనిరి. వసతిగృహములలో విద్యార్థులు నిండిరి. ఇట్లు తార్నాక నెలజీతపువారి పేట యయ్యెను. ప్రక్కనే మాణికేశ్వర్ నగర్ వంటి కూలివారి బస్తీలును పెరిగెను.

నెలజీతమున్న చోట నెలఖాతా పుట్టుట సహజము. మేము ఈ శతాబ్దపు తొలి సంవత్సరములలో చదువునకై వచ్చి, పిమ్మట ఉపాధ్యాయవృత్తిలో కుదురుకొని, సంసారముతో ఈ పేటనే నిలిచితిమి. మా వీధి మొగలో ఒక కిరాణాకొట్టుండెను. అందులో పొడవాటి ఖాతాపుస్తకము. దానిలో ఇంటి కొక పుట. పిల్లవాడు పోయి పావుకిలో చక్కెర తెచ్చినను, చుట్టములు వచ్చినవేళ పాలపొట్లము తెచ్చినను ఆ పుటలో ఒక వరుస చేరుచుండెను. ఒకటవ తారీఖున లెక్క తేల్చి పుట కొట్టివేయుచుండిరి. తెలంగాణమున దీనిని ఉద్దెర యందురు, కోస్తావారు అరువందురు. వడ్డీ లేదు, పత్రము లేదు, సాక్షి లేడు.

ఆ కొట్టున మరియొక యాచారము కలదు. పప్పు తూచినప్పుడు త్రాసు సరిగా నిలిచిన పిదపకూడ యజమాని మరి నాలుగు గింజలు పళ్ళెములో వేయును. కూరగాయలమ్మి సంచిలో రెండు పచ్చిమిరపకాయలు, ఒక కరివేపాకు రెమ్మ పడవేయును. దీనికే మనవారు కొసరని పేరు పెట్టిరి. తూకము కొనువాని హక్కు, దానికై తగవులాడవచ్చును. కొసరు హక్కు కాదు. అయినను అది లేని బేరమును మన యవ్వలు బేరముగా నెంచలేదు. న్యాయమును, దయను ఒక్క పళ్ళెములోనే చూడనేర్చిన జాతి మనది.

మార్పు ఒక్కదినమున రాలేదు. 2006లో రిలయన్సు ఫ్రెష్ తన తొలి యంగళ్ళను హైదరాబాదులోనే తెరచెను. ఈ నగరముననే పుట్టిన త్రినేత్ర అంగళ్ళు చేతులు మారి మోర్ అయ్యెను. చల్లని గాలి, వెలుగు, వరుసగా పేర్చిన సరకు, అచ్చువేసిన ధర, బేరములేని కొనుగోలు మధ్యతరగతివారికి గౌరవముగా తోచెను. 2016 నవంబరు 8న పెద్దనోట్లు రద్దయి, చేతిలో చిల్లరలేని దినములలో ఖాతాపుస్తకమే జనులను గట్టెక్కించెను; కాని ఆ యేటనే ఆరంభమైన యూపీఐ పద్ధతి క్రమముగా ఆ పుస్తకమునకే అవసరము తగ్గించెను. 2017 జూలై 1న వస్తుసేవల పన్ను వచ్చెను. ఆ నవంబరులోనే మెట్రోరైలు తార్నాకమీదుగా నడచెను. 2021 తరువాత, సరకు పదినిమిషములలో గుమ్మమునకు చేర్చెదమను ప్రకటనలు బయలుదేరెను. అంగడికి మనము పోవుట మాని, అంగడియే మన ఫోనులో చేరెను.

ఇంతవరకు చెప్పినది అందరి కథ. ఇక మా కథ కొంత చెప్పవలసి యున్నది. అది మాకు గౌరవకరము కాకున్నను ప్రశ్నయొక్క ముడి దానిలోనే యున్నది.

2020 మార్చి 25 మొదలు దేశమంతయు ఇండ్లలో బందీయైనప్పుడు పాఠశాలలు మూతపడెను. మేము పనిచేయు ప్రైవేటు పాఠశాలలో జీతము మొదట సగమై, పిదప నిలిచిపోయెను. మావంటివారు రాష్ట్రమున వేలకొలది యుండిరి. 2021 ఏప్రిల్‌లో ప్రభుత్వము ప్రైవేటు ఉపాధ్యాయులకు నెలకు 2,000 రూపాయలును 25 కిలోల బియ్యమును ఇచ్చుటకు నిర్ణయించుటయే దానికి నిదర్శనము. ఆ సహాయము రాకముందును, వచ్చిన తరువాతను మా యింట పొయ్యి వెలిగినది ఖాతాపుస్తకమువలన. మేము తలవంచుకొని నిలిచినప్పుడు కొట్టుయజమాని, "పైసలు యాడికి పోతయి సారూ, బడులు తెరుస్తరు గద" అని సంచి చేతి కిచ్చెను. మా పుట నిండి, రెండవ పుట నిండి, మూడవ పుట మొదలయ్యెను.

ఆ దినములలోనే ఒక సాయంకాలము మా ముందు ఒక కూలిస్త్రీ నిలిచి యుండెను. ఇండ్లు కట్టు పని నిలిచిపోయిన వేళ యది. ఆమె రెండుకిలోల బియ్యమును, నూనెపొట్లమును ఉద్దెర యడిగెను. యజమాని తల యడ్డముగా నూపి, "నీకు ఇస్తె ఎవ్వల నడగాలె నేను?" అనెను. ఆమె మారుమాటలేక పోయెను. తరువాతి వంతు మాది. ఆమె యడిగినదానికి మూడింతల సరకు ఆమె చూచుచుండగనే మా పుటలో వ్రాయబడెను. జీతము ఆమెకును లేదు, మాకును లేదు. భేదమెక్కడ? ఆమెకు పుట లేదు. మాకు సారు అను పేరున్నది. "ఆమె బియ్యము మా పుటలో వ్రాయుము" అని మేము చెప్పియుండవచ్చును. చెప్పలేదు.

పాఠశాలలు తెరచిరి. మేము నాలుగు నెలలలో అప్పంతయు తీర్చితిమి. లెక్క సరిపోయినది గనుక మనస్సు తేలికపడెను. కొంతకాలమునకు మా యబ్బాయి ఫోనులో సరకు తెప్పించుట మొదలిడెను. నూనెమీద పదిరూపాయలు తగ్గుచుండెను, మెట్లు దిగనక్కరలేదు. మొదట మరచిపోయిన వస్తువొకటి, పిదప వారపు సరకు, పిమ్మట నెలసరకంతయు అట్లే వచ్చెను. కొట్టుముందు నడచునప్పుడు మేము ఆవలి ప్రక్కకు చూడనేర్చుకొంటిమి. ఒకనాడు కొట్టుతలుపు మూసియుండెను. నెల గడచిన పిమ్మట ఆ చోట ఫోను తొడుగులమ్ము దుకాణము వెలసెను. యజమాని ఉప్పలు కావల కుమారుని యింటికి చేరెనని యెవరో చెప్పిరి. మేమాయనకు రూపాయి బాకీ లేము. అయినను బాకీ తీరలేదని మనస్సు చెప్పుచున్నది. ఇది కేవలము మనోదౌర్బల్యమా, లేక ధర్మమేనా?

ముందుగా క్రొత్త యంగడి పక్షము వినవలెను, అది బలమైనది. పాత కొట్టు ముఖము చూచి తూచునది. పల్లెలలో కొన్ని కులములవారు మెట్టెక్కకుండ దూరమున నిలిచి, చెంగున విసరిన సరకు నేరుకొని పోయిన కాలము మరువరానిది. పొట్లముమీద అచ్చువేసిన గరిష్ఠధర, 2009 నాటి తూనికలు కొలతల చట్టము, సంఖ్యను వెలుగుతో చూపు త్రాసు, ఇవి దయాదాక్షిణ్యములమీద ఆధారపడని న్యాయమును పేదవాని చేతి కిచ్చెను. ఆ కూలిస్త్రీ పెద్దయంగడిలో ప్రవేశించినచో ఆచార్యుని భార్య యిచ్చు ధరయే యిచ్చును. ఇది స్వల్పలాభము కాదు. పాత కొట్టును తలచి కన్నీరు కార్చువారు ఆ కొట్టులో తామెచ్చట నిలిచియుండిరో ముందు తలచుకొనవలెను.

న్యాయమైన తూకమునకై చట్టము చేయుట మనకు క్రొత్తకాదు. కౌటిల్యుడు అర్థశాస్త్రమున తూనికరాళ్ళ పరీక్షకు అధికారిని నియమించెను. స్వదేశపు సరకుమీద నూటికి ఐదు, పరదేశపు సరకుమీద నూటికి పది మించి వర్తకుడు లాభము గొనరాదని కట్టడి చేసెను. కాని కొసరు ఎంత వేయవలెనో అతడు వ్రాయలేదు. వ్రాసినచో అది కొసరు కాకపోయెడిది.

మహాభారత శాంతిపర్వమున జాజలి కథ కలదు. ఆ తపస్వి కదలక నిలిచియుండగా పక్షులు జడలలో గూడుకట్టి పిల్లలను పెట్టెను. అవి యెగిరిపోవువరకు కదలక, తనకంటె ధర్మజ్ఞుడు లేడని గర్వించెను. వారణాసిలోని తులాధారుడను వర్తకుడు నీకంటె అధికుడని యాకాశవాణి పలుకగా, అతడు పోయి చూచునప్పటికి తులాధారుడు అంగడిలో కూర్చుండి సరకు అమ్ముకొనుచుండెను. తన త్రాసు సమస్తభూతములయందును సమముగా నిలుచునని అతడు చెప్పిన ధర్మమును ముని తలవంచి వినెను.

విద్యావంతులమని తలయెత్తి నడచు మేమును జాజలివంటివారమే. మా పాఠమును అంగడిలోనే నేర్వవలసివచ్చెను. తులాధారుని త్రాసు అందరిని ఎరిగి సమముగా నిలిచినది. క్రొత్త యంగడి త్రాసు ఎవరిని ఎరుగక సమముగా నిలుచుచున్నది. మా వీధి కొట్టు త్రాసు కొందరిని ఎరిగి, ఎరిగినవారి వైపు మొగ్గినది. రెండవదానియందు న్యాయమున్నది, ఉద్దెర లేదు. మూడవదానియందు ఉద్దెర కలదు, కాని అది మావంటివారి పాలబడినది. కూలిస్త్రీకి కావలసినది మొదటిది. అది ఆమెకు రెండుచోట్లను దొరకలేదు.

దొరకునట్లు చేయుట సాధ్యమా? ఇంగ్లండులోని రాచ్‌డేలులో 1844లో 28 మంది, వారిలో అనేకులు నేతపనివారు, తలకొంత సొమ్ము కూర్చి ఒక చిన్న యంగడి తెరచిరి. కల్తీలేని సరకు, తప్పులేని తూకము వారి నియమము. ఉద్దెరను వారు ఒప్పుకొనలేదు. అది కార్మికుని కొట్టువాని దాసునిగా జేయుట చూచినవారు గనుక. కాని వచ్చిన మిగులును సభ్యుల కొనుగోళ్ళకు తగినట్లు వారికే పంచియిచ్చిరి. సహకారోద్యమమునకు వారు మార్గదర్శకులైరి. మిగులు కొట్టువాని దయవలన గాక సభ్యులందరి నిర్ణయమువలన కొనువారికి చేరుటను మేము కొసరునకు నియమము కల్పించుటగా నెంచుచున్నాము. మనదేశమునను 1999లో ఉమ్మడి ఆంధ్రప్రదేశమున ఆరంభమైన రైతుబజారులలో ధర పలకమీద వ్రాయబడును; అది అందరికి ఒక్కటే. అయినను కూరలు తూచిన పిదప రైతు చేయి మరల బుట్టలోనికి పోవుట మేము పలుమారు చూచితిమి. తూకమును కొసరును ఒకచోట నిలువజాలవనుట నిజము కాదని ఈ బజారులు చూపుచున్నవి.

అయినను సంస్థలమీదనే భారముంచి మనము తప్పించుకొనరాదు. ఇంతకాలము కొసరు అమ్మువాని ధర్మమనియే తలచితిమి, కొనువానికి కొసరులేదా? మేము అప్పు తీర్చితిమి, అది తూకము. కష్టకాలమున మూడు పుటలు వ్రాసికొన్నవాని యొద్ద, పదిరూపాయలు హెచ్చైనను, నెలసరకులో సగమైన కొనుట కొసరు. "ఆమె బియ్యము మా పుటలో వ్రాయుము" అనుట కొసరు. పదినిమిషముల గడువునకు లోబడి మూడంతస్తుల మెట్లెక్కి వచ్చిన పిల్లవాని పేరు ఫోనులో కనబడుచుండగా చదివి, పేరుపెట్టి పిలిచి, మంచినీరిచ్చి, తొందరలేదని చెప్పుట కొసరు. వీనిలో ఏదియు చట్టము విధింపజాలదు. విధింపజాలనందుననే వీనిని విడిచితిమి. విడిచి, కాలము మారినదని కాలముమీద నెపము వేసితిమి.

పాత కొట్టు మరల తెరువుమని మేము కోరుట లేదు. పేదకుటుంబమునకు పదిరూపాయలు పదిరూపాయలే. వారు చౌకయైన చోట కొనుట ధర్మమే. మేము చెప్పునది ఆ పదిరూపాయలు లెక్కకు రాని యిండ్లవారికి, అనగా మావంటివారికి.

గత సంవత్సరమునుండి వెనుక వీధిలో మిగిలియున్న యొక చిన్నకొట్టులో మేము సరకు కొనుచున్నాము. అచ్చట ఖాతాపుస్తకము ఇంకను గలదు. ఉద్దెర మాకిపుడు అక్కరలేదు. అయినను ఒక పుట తెరపించి, పుటలేనివారెవరైన బియ్యమడిగినప్పుడు దానిలో వ్రాసికొమ్మని, ఒకటవ తారీఖున మేము చెల్లింతుమని యజమానురాలితో చెప్పితిమి. ఆమె కొంతసేపు మా ముఖము చూచి, నవ్వి, మా పేరు వ్రాసికొనెను. ఇప్పటికి అందు నాలుగు వరుసలు చేరినవి. మొదట నిలిచిన ఆ స్త్రీ యెవరో, ఎచ్చటనున్నదో మేమెరుగము. ఆమె బాకీ ఈ పుటతో తీరదు.