చిరగని చీర

పోయినేడు అమ్మ పోయాక, ఆవిడ ట్రంకుపెట్టె సర్దే పని నా మీద పడింది. నేతచీర ఒక్కటీ లేదందులో. అవెటు పోయాయో నాకు తెలుసు. కొన్ని మా పొత్తిగుడ్డలయ్యాయి, కొన్ని బొంతలో కలిశాయి. చివరికి మసిగుడ్డలై, పీలికలై మట్టిలో కలిసిపోయాయి.

పెట్టె అడుగున మటుకు ఒక పాలియెస్టర్ చీర ఉంది. 1986లో కొన్నది. నీలం మీద తెల్లపూలు. రంగు వెలవలేదు, పోగు లేవలేదు. కట్టుకున్న మనిషి పోయిందిగానీ చీరకేం కాలేదు. ఏడుపు రావాల్సింది పోయి, ఎందుకో నాకు కోపం వచ్చింది.

మా అమ్మాయి టెక్స్‌టైల్ ఇంజనీరింగ్ చదువుతోంది. చీర చేతిలోకి తీసుకుని, "దీన్ని నా మనవరాలు కూడా కట్టుకోవచ్చమ్మా!" అని నవ్వింది. 1941లో ఇంగ్లండులో విన్‌ఫీల్డ్, డిక్సన్ అనే ఇద్దరు రసాయన శాస్త్రజ్ఞులు కనిపెట్టిన పోగట ఇది. పుట్టుక ముడిచమురులో. మట్టిలో పాతినా ఓ పట్టాన కుళ్ళదు. పైగా ఉతికినప్పుడల్లా కంటికి కనబడని నూగు రాలుస్తుంది. ఒక్క బట్టను ఒక్కసారి ఉతికితే 1900కి పైగా పోగులు రాలవచ్చని 2011లో లెక్క తేల్చారట. ఆ నీళ్ళు కాలవలోకి, కాలవ సముద్రంలోకి.

"అయితే నూలుచీరే మంచిదన్నమాట!" అన్నాను, గెలిచినట్టు.

"అంత తొందరపడకమ్మా. కిలో నూలుగుడ్డ తయారవాలంటే, చేలో పడే వాననీళ్ళతో సహా, ప్రపంచం మొత్తం మీద సగటున సుమారు 10 వేల లీటర్ల నీళ్ళు కావాలి. పురుగుమందుల సంగతి సరేసరి."

నా నోరు మూతపడింది. 1998లో వరంగల్ జిల్లా పత్తిరైతులు పురుగుకి కొట్టే మందే తాగి ప్రాణాలు తీసుకోవడం మనం మరిచిపోయే సంగతా? నా మెత్తటి చీర వెనక అలాంటి ఇల్లు ఒక్కటీ లేదని నేనెలా చెప్పగలను?

మరి ఆ పాలియెస్టర్ చీర అమ్మ ఎందుకు కొనుక్కుంది? ఆవిడ బడిపంతులమ్మ. ఏడు గంటల బస్సు అందుకోవాలి. నేతచీర అంటే గంజి, ఇస్త్రీ, పొద్దున్నే అరగంట చాకిరీ. ఈ చీరొచ్చాక ఆ అరగంట మిగిలింది. ఆ అరగంటా నన్ను పక్కన కూర్చోబెట్టుకుని కథలు చదివి వినిపించేది. నేనివాళ ఈ నాలుగు ముక్కలు రాస్తున్నానంటే అది ఆ చీర చలవే. ఇక దాని మీద కోపం ఎలా నిలుస్తుంది?

ఒకప్పుడు పరిశోధకులు 'ఈ గుడ్డ ఎన్నాళ్ళు మన్నుతుంది?' అని అడిగేవారట. ఇప్పుడు 'వాడాక ఎక్కడికి పోతుంది?' అని కూడా అడుగుతున్నారట. చెట్టు గుజ్జుని కరిగించి లయోసెల్ అనే పోగు తీస్తున్నారు. కరిగించిన ద్రావకాన్ని దాదాపు మొత్తం మళ్ళీ పట్టి వాడుకుంటారు. నూలూ పాలియెస్టరూ కలిపి వడికిన దారాన్ని విడదీసే దారులు వెతుకుతున్నారు. దుకాణాల్లో 'రీసైకిల్డ్' అని అమ్మే పాలియెస్టర్‌లో ఎక్కువ భాగం పాత సీసాల నుంచి వచ్చిందే. పాత చీర మళ్ళీ చీర కావడం ఇంకా అరుదే.

వాళ్ళ ప్రయత్నం ఫలించాలనే నా కోరిక కూడా. కానీ నా బీరువాలో ఒక్కసారి కట్టి మళ్ళీ ముట్టని చీరలు పదకొండు ఉన్నాయి. మొన్న లెక్కపెట్టాను. అమ్మ తన చీరని పదిహేనేళ్ళు కట్టింది. చావులేని గుడ్డ కొని నాలుగు గంటలు కట్టి మూల పడేయడం నేను చేసిన పని. దానికి ఏ ప్రయోగశాలలోనూ మందు దొరకదు.

మొన్న ఆదివారం అమ్మ చీర కట్టుకున్నాను. ఏ మాటకామాటే, కాస్త ఉక్కపోసింది. ఒక్కపూటకే ఉతక్కుండా ఆరేసి మడత పెట్టుకున్నాను. "నీ తర్వాత నాకే!" అంది మా అమ్మాయి. ఆ పదకొండిట్లో ఒక్కదాన్నీ అదింతవరకూ అడగలేదు. ఎందుకంటారు?